ఎలాండ్: తరచుగా అడిగే ప్రశ్నలు

నైరోబీకి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఊరి నుంచి ఎవరొచ్చినా శనివారం తెల్లారకముందే నేషనల్ పార్కుకి తీసుకెళ్ళడం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది, వచ్చేటప్పుడు అందరూ సింహం సింహం అంటూ వస్తారు, తిరిగెళ్ళేటప్పుడు మాత్రం "ఆ ఎద్దులాంటి జింక పేరేంటి?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా, ఇక ఎవరడిగినా లింకే.

అసలు ఎలాండ్ అంటే ఏంటి?

ఆఫ్రికాలో ఉండే యాంటిలోప్‌లన్నిట్లోకీ పెద్దది. లేత గోధుమ రంగు ఒళ్ళు, పక్కల మీద సన్నటి తెల్ల చారలు, మెలి తిరిగిన కొమ్ములు, మెడ కింద వేలాడే గంగడోలు, భుజాల మీద చిన్న మూపురం, చివర్లో నల్ల కుచ్చు ఉన్న తోక. మాది ప్రకాశం జిల్లా, చిన్నప్పుడు ఇంట్లో ఒంగోలు ఎద్దులుండేవి. మొదటిసారి దూరం నుంచి ఎలాండ్‌ని చూసినప్పుడు ఎవరిదో ఎద్దు తప్పిపోయి పార్కులోకి వచ్చిందనుకున్నా, నిజంగా.

జింకా? ఎద్దా?

పుస్తకాల్లో యాంటిలోప్ అంటారు, మనం అలవాటు కొద్దీ జింక అనేస్తాం, కానీ చుట్టరికం చూస్తే ఇది కృష్ణ జింక కంటే మన ఆవుకీ గేదెకీ దగ్గర. ఆవు, గేదె, అడవిదున్న, మనుబోతు, ఎలాండ్, కుడు (మెలికల కొమ్ములుండే ఇంకో ఆఫ్రికా యాంటిలోప్) ఇవన్నీ బోవినే అనే ఒకే ఉపకుటుంబం, కృష్ణ జింకది వేరే కొమ్మ. చుక్కల జింక సంగతైతే అసలు వేరే కుటుంబమే, వాటిలో మగవాటి కొమ్ములు రాలిపోయి మళ్ళీ కొత్తవి వస్తాయి. ఎలాండ్ కొమ్ములు రాలవు, లోపల ఎముక ఉంటుంది, పైన మన గోరు లాంటి పదార్థంతో తొడుగు, ఒకసారి మొలిచాక చచ్చేదాకా అవే. కాబట్టి "ఎద్దులా ఉందే" అన్నవాళ్ళు తప్పేం అనలేదు.

ఎంత బరువుంటుంది?

మగది మామూలుగా 500, 600 కిలోలు, బాగా పెద్దవైతే 900 కిలోలు దాటినవి కూడా ఉన్నాయి. ఆడది 300 నుంచి 600 మధ్య. మగదాని భుజం ఎత్తు 160 సెంటీమీటర్ల పైనే ఉంటుంది అంటే మనలో చాలామంది దాని వీపు మీదుగా అవతల ఏముందో చూడలేరు.

కామన్ ఎలాండ్, జైంట్ ఎలాండ్ వేర్వేరా?

రెండు జాతులు. తూర్పు ఆఫ్రికాలో, దక్షిణ ఆఫ్రికాలో మనకి కనిపించేది కామన్ ఎలాండ్. జైంట్ ఎలాండ్ పడమటి వైపు సెనెగల్‌లోనూ, మధ్యలో కామెరూన్, సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ వైపు అడవుల్లోనూ ఉంటుంది. జైంట్ అని పేరేగానీ ఒళ్ళు మరీ పెద్దదేం కాదు, కొమ్ములే పెద్దవి, కొన్నిటికి మీటరు దాటతాయి. దానికి లార్డ్ డర్బీ ఎలాండ్ అనే పేరు కూడా ఉంది, ఇంగ్లండ్‌లో 13వ ఎర్ల్ ఆఫ్ డర్బీ అనే ఆయన తన ఎస్టేట్‌లో ప్రపంచంలోని జంతువులన్నీ పోగేసి పెంచేవాడు, ఆయన పేరు పెట్టారు. ఇక్కడ నుంచి కింద రాసేదంతా ఎక్కువగా కామన్ ఎలాండ్ గురించే.

ఆ పేరు ఎక్కడిది?

డచ్ వాళ్ళది. వాళ్ళ భాషలో ఎలాండ్ అంటే యూరప్ మంచు అడవుల్లో ఉండే మూస్ అనే జంతువు. ఆఫ్రికా దక్షిణ కొనలోని కేప్ దగ్గర దిగిన డచ్చోళ్ళకి ఇంత పెద్ద జంతువు కనపడేసరికి ఇంటి దగ్గర తెలిసిన పేరు తగిలించేశారు, రెండిటికీ పోలికేం లేదు. స్థానిక పేర్లు ఇంకా బాగుంటాయి, స్వాహిలిలో పోఫు, జులూలో ఇంపోఫు. క్రికెట్ చూసేవాళ్ళకి జింబాబ్వే ఫాస్ట్ బౌలర్ క్రిస్ ఎంపోఫు గుర్తున్నాడా, ఆ ఇంటిపేరు ఈ జంతువుదే. అక్కడ వంశానికో జంతువు గుర్తుగా ఉంటుంది, ఎలాండ్ వంశం వాళ్ళు దాని మాంసం ముట్టకూడదని ఆచారం. మన గోత్రం పట్టింపుల్లాంటిదే అనుకోండి.

మగదేదో ఆడదేదో ఎలా గుర్తుపట్టాలి? రెండిటికీ కొమ్ములున్నాయి కదా?

అవును, ఇక్కడే అందరూ పొరబడతారు. ఆడదాని కొమ్ములు సన్నగా, తరచూ మగదాని కన్నా పొడుగ్గా ఉంటాయి. మగదాని కొమ్ములు పొట్టిగా లావుగా మొదట్లో గట్టి మెలికతో ఉంటాయి, ముసలివాటికైతే చెట్లకి రాకి రాకి అరిగిపోయి ఉంటాయి. కొమ్ముల గొడవ వదిలేసి మెడ చూడండి, లావు మెడ, మోకాళ్ళ దగ్గరదాకా వేలాడే గంగడోలు, నుదుటి మీద ముదురు రంగు జుట్టు కుచ్చు ఉంటే మగదే. ఇంకో గుర్తు రంగు, మగది వయసు పెరిగేకొద్దీ గోధుమ రంగు పోయి బూడిద నీలంలోకి తిరుగుతుంది. మెడ మీద వెంట్రుకలు పలచబడి లోపలి చర్మం రంగు బయటపడటం వల్ల అలా కనిపిస్తుంది.

నడుస్తుంటే టక్ టక్ అని చప్పుడొస్తుంది, అది గిట్టలదేనా?

కాదు! నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది, కాస్త ఓపిగ్గా చదవండి.

పోయినేడాది బాబాయి వచ్చినప్పుడు పొద్దున్న ఆరున్నరకి పార్కులో ఒక మలుపు దగ్గర బండి ఆపి ఇంజిన్ ఆపేశాం, గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు, కుడి పక్క పొదల్లోంచి ఒక ముసలి మగ ఎలాండ్ బయటికొచ్చి రోడ్డు దాటుతోంది, దానికి తొందరేం లేదు, మా వైపు చూసి మళ్ళీ ముందుకు నడిచింది. అడుగు అడుగుకీ టక్... టక్... టక్. బాబాయి గొంతు తగ్గించి "ఎవరో మెటికలు విరుస్తున్నట్టుంది రా" అన్నాడు. నేల మెత్తగా తడిసి ఉంది, గిట్టల చప్పుడయితే రాకూడదు. అది పొదల్లోకి వెళ్ళి కనపడకుండా పోయాక కూడా ఆ టక్ టక్ చాలాసేపు వినపడింది.

చప్పుడు ముందు కాళ్ళ మోకాళ్ళది. అడుగు వేసి బరువు మార్చినప్పుడు లోపల ఒక స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది, ఎముక మీద నుంచి జారి పక్కకి పడుతుంది, తీగ మీటినట్టు. కొన్ని వందల మీటర్ల దూరం దాకా వినిపిస్తుంది. కెన్యాలో దీని మీద చేసిన స్టడీ ఒకటి 2008లో వచ్చింది, అందులో తేలిందేంటంటే జంతువు ఎంత పెద్దదైతే ఆ చప్పుడు అంత బరువుగా, కింద స్థాయిలో ఉంటుంది, లావు తీగ పలికినట్టు. అంటే పొదల అవతల వస్తున్నవాడు ఎంతవాడో ఇవతల ఉన్నవాడికి చూడకుండానే తెలిసిపోతుంది. ఊళ్ళో పెద్దమనిషి వస్తుంటే కిర్రు చెప్పుల చప్పుడుకే అరుగు మీద వాళ్ళు సర్దుకునేవాళ్ళు చూడండి, అలాగ.

ఆ స్టడీలోనే ఇంకో రెండు సంగతులున్నాయి. గంగడోలు ఎంత వేలాడితే అంత వయసు. నుదుటి జుట్టు, మొహం ఎంత నల్లగా ఉంటే ఆ మగది ప్రస్తుతం అంత కోపం మీద ఉన్నట్టు లెక్క, ఇది హార్మోన్ల పని. సైజుకి ఒకటి, వయసుకి ఒకటి, మూడ్‌కి ఒకటి, మూడు బోర్డులు తగిలించుకుని తిరుగుతుందన్నమాట.

నుదుటి మీద ఆ జుట్టు అంత మురికిగా ఎందుకుంటుంది?

చెప్తే ఛీ అంటారు. మగది ఆ కుచ్చుని బురదలో, మూత్రంలో రుద్దుకుంటుంది, ఆడవాటి మూత్రం కూడా వదలదు. గాలి మనవైపు ఉంటే వాసన వచ్చేస్తుంది. దానికది సెంటు. మూత్రం వాసన చూసి పై పెదవి పైకి ముడిచి మొహం వింతగా పెట్టడం కూడా చూస్తారు, అది ఆడది ఎదకొచ్చిందా లేదా అని పరీక్ష, మన దున్నపోతులు కూడా సరిగ్గా అదే పని చేస్తాయి, ఊళ్ళో పెరిగినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు.

మగవి బాగా పోట్లాడుకుంటాయా?

తక్కువే. పైన చెప్పిన బోర్డులన్నీ అందుకే కదా, ఎదుటివాడు ఎంతవాడో ముందే తెలిస్తే చాలా గొడవలు మొదలవకుండానే అయిపోతాయి. సరిజోడు ఎదురైతే మాత్రం కొమ్ములు మెలేసి తల మెలితిప్పుతూ నెట్టుకుంటాయి. నాది ఈ జాగా అని హద్దులు పెట్టుకుని కాపలా కాసే అలవాటు అసలు లేదు, ఎదకొచ్చిన ఆడది ఎక్కడుంటే అక్కడికే పెద్ద మగది పోతుంది, చిన్నవి పక్కకి తప్పుకుంటాయి.

అంత బరువున్నది దూకగలదా?

దూకుతుంది. నిలబడ్డ చోటు నుంచే రెండున్నర మీటర్లు పైకి లేస్తుంది, బెదిరినప్పుడు మందలో ఒకదాని వీపు మీదుగా ఇంకొకటి దూకడం కూడా ఉంది. కుర్రవి ఇంకా బాగా దూకుతాయి. ఫామ్‌లలో వీటిని పెంచేవాళ్ళకి పెద్ద ఖర్చు కంచెదే, మామూలు పశువుల కంచె వీటికి లెక్కలోది కాదు.

మరి పరుగో?

అందులో వెనకబడే. గంటకి 40 కిలోమీటర్లంటే గొప్ప, యాంటిలోప్‌లలో నెమ్మదివాటిలో ఇదొకటి, దౌడు తీస్తే తొందరగా ఆయాసపడిపోతుంది. కానీ గంటకి 22 కిలోమీటర్ల చొప్పున చిన్న పరుగు లాంటి నడక మొదలెడితే ఇక ఆగదు. ఆఫ్రికా దక్షిణ భాగంలోని కలహారి ఎడారిలో శాన్ అనే ఆదివాసీ వేటగాళ్ళు ఎర్రటి ఎండలో కాలినడకన గంటలు గంటలు వెంటపడి కుడునీ ఎలాండ్‌నీ అలసగొట్టి పట్టడానికి ఈ దౌడు బలహీనతే కారణం.

ఏం తింటుంది?

ఆకులు, రెమ్మలు, పువ్వులు, కాయలు. వానలు పడ్డాక లేత గడ్డి కూడా మేస్తుంది. అందని కొమ్మ ఉంటే రెండు కొమ్ముల మధ్య ఇరికించి మెలితిప్పి ఫట్టుమని విరిచి కింద పడేసి తింటుంది, చూడ్డానికి భలే ఉంటుంది. నెమరు వేస్తుంది.

నీళ్ళు తాగదంటారు, నిజమేనా?

దొరికితే హాయిగా తాగుతుంది. దొరక్కపోయినా ఆకుల్లో ఉన్న తేమతో నెట్టుకొస్తుంది, కలహారి లాంటి చోట బతుకుతోందంటే అందుకే. మధ్యాహ్నమంతా నీడన నిలబడిపోతుంది, ఎండాకాలంలో రాత్రిళ్ళు ఎక్కువ మేస్తుంది, అప్పుడు ఆకుల్లో తేమ కూడా ఎక్కువ కదా.

ఇక్కడో మాట. ఎండలో చెమట పోసి నీళ్ళు పోగొట్టుకోకుండా ఒంటి వేడినే చాలా డిగ్రీలు పెరగనిచ్చి రాత్రికి చల్లార్చుకుంటుంది అని ప్రతి వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. అది 1960లలో ల్యాబ్‌లో పెట్టి వేడి చేసి చూసిన లెక్క. తర్వాత 1990లలో బయట స్వేచ్ఛగా తిరిగే ఎలాండ్‌ల ఒంట్లో థర్మామీటర్లు పెట్టి చూస్తే ఒంటి వేడిలో అంత తేడా కనపడలేదు, నీడా గాలీ దొరికే చోట ఆ అవసరమే రాలేదన్నమాట. కాబట్టి ఆ ముక్క కళ్ళు మూసుకుని ఫార్వర్డ్ చేయకండి.

మందలో ఎన్ని ఉంటాయి?

పాతిక ఉండొచ్చు, వానల తర్వాత మేత బాగున్నప్పుడు వందల్లో కూడా చేరతాయి. మందంటే ఏనుగుల్లాగా ఒక కుటుంబం అనుకోకండి, రైల్వే ప్లాట్‌ఫామ్ లాంటిది, ఎవరో వస్తుంటారు ఎవరో పోతుంటారు, ఈ రోజు ఉన్నవి రేపు ఉండవు. ఆడవి చాలా దూరాలు తిరుగుతాయి, ముసలి మగవి మాత్రం పొదలున్న చిన్న జాగాలో ఒంటరిగానో ఇద్దరు ముగ్గురుగానో ఉండిపోతాయి. అందుకే మన బాబాయికి కనపడ్డది ఒక్కటే ఉంది.

దూడల సంగతేంటి?

తొమ్మిది నెలలు కడుపున మోస్తుంది, మన ఆవు లెక్కే. ఒకటే దూడ, పాతిక ముప్పై కిలోలుంటుంది. మొదటి వారం రెండు వారాలు పొదల్లో దాక్కుని ఉంటుంది, తల్లి వచ్చి పాలిచ్చి పోతుంది. ఆ తర్వాత దూడలన్నీ ఒకచోట చేరతాయి, అచ్చంగా అంగన్‌వాడీ. ఒకదాన్నొకటి నాకుతూ, ఒరుసుకుంటూ ఉంటాయి, తల్లి మీద కన్నా తోటి దూడల మీదే మమకారం ఎక్కువ. పెద్దవి విడిపోతుంటాయి కలుస్తుంటాయిగానీ పిల్లల గుంపు మాత్రం కలిసే ఉంటుంది, పాలు మానేసిన తర్వాత కూడా రెండేళ్ళ వయసు దాకా అలాగే ఉండొచ్చు. నా అనుమానమేంటంటే పెద్ద మందలు చేరడానికి సగం కారణం ఈ పిల్లలే, అవి కదలవు, తల్లులు వాటిని వదిలి పోలేవు.

సింహాన్ని ఎదిరిస్తుందా?

సింహాలు పెద్ద ఎలాండ్‌ని కూడా పడగొడతాయి. హైనాలు, అడవి కుక్కలు ఎక్కువగా దూడల మీద పడతాయి. ఒక్కటే ఉంటే పారిపోవడమే దానికి తెలిసింది, కానీ దూడలున్నప్పుడు తల్లులన్నీ కలిసి తలలు దించి ఎదురు తిరుగుతాయి, హైనాలని, చిరుతనే కాదు ఒక్కోసారి సింహాన్ని కూడా తరిమిన సందర్భాలున్నాయి.

మనిషిని పొడుస్తుందా?

మహా పిరికిది. మనం కనపడితే మూడు వందల మీటర్ల దూరం నుంచే వెనక్కి తిరిగి బయల్దేరుతుంది, ఫోన్ కెమెరాతో ఫోటో తీసి వెనక భాగం మాత్రమే వచ్చిందని ఏడ్చేవాళ్ళు చాలామంది. అలాగని బండి దిగకండి, అర టన్ను జంతువు, కొమ్ములున్నాయి, ఇరుకులో పడితే ఏదైనా పొడుస్తుంది.

పాలు పిండుతారట కదా?

పిండారు. ఉక్రెయిన్‌లో ఖేర్సన్ ప్రాంతంలో అస్కానియా నోవా అనే చోటుంది, ఫాల్జ్ ఫైన్ అనే జమీందారు తన గడ్డి భూముల్లో జంతువులని పెంచేవాడు, 1892లో అక్కడికి ఎలాండ్‌లని తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వాటిని మచ్చిక చేసి పాలు పితకడం మొదలెట్టారు. మంచు పడే చోట ఆఫ్రికా జంతువు! చలికాలం షెడ్లలో, మిగతా కాలం బయట మేత. ఆ పాలు చిక్కగా ఉంటాయి, వెన్న శాతం 10, 11 దాకా, మన గేదె పాలే 7 దగ్గర ఉంటాయి కదా. తొందరగా విరిగిపోవని కూడా పేరు. ఇది చెప్పగానే బాబాయి మొహం వెలిగిపోయింది, "ఒరేయ్, రెండు దూడలు ఇంటికి పంపే దారి చూడరా, కాడి కూడా కట్టి చూద్దాం" అన్నాడు. పిన్ని వెనక సీట్లోంచి "ముందు ఉన్న గేదెల్ని సరిగ్గా చూసుకోండి" అంది, అక్కడితో ఆ స్కీము ఆగిపోయింది. 2022లో అస్కానియా నోవా రష్యా ఆక్రమణలోకి వెళ్ళింది.

అంత మంచి జంతువైతే ఆవులాగా పెంపుడుదెందుకు కాలేదు?

పెంచడం కష్టం, అంతే. కెన్యాలో, దక్షిణ ఆఫ్రికాలో కూడా ప్రయత్నాలు జరిగాయి. సాధు జంతువే, పశువులకి నగానా జబ్బు తెచ్చే ట్సెట్సీ ఈగ ఉన్న చోట్ల కూడా బతుకుతుంది, నీళ్ళు తక్కువ చాలు. కానీ మేతకి చాలా స్థలం కావాలి, చిన్న దొడ్లో ఇరికిస్తే చిక్కిపోతుంది, కంచె దూకుతుంది, బెదిరితే పట్టలేం. ఆవుకి వేల ఏళ్ళ మచ్చిక ఉంది, దీనికి వందేళ్ళు కూడా పూర్తిగా లేదు, ఇద్దర్నీ ఒకే గాటన కట్టి పోలిస్తే ఎలా.

రాతి బొమ్మల్లో ఎలాండ్ ఎందుకంత ఎక్కువ?

దక్షిణ ఆఫ్రికాలో డ్రాకెన్స్‌బర్గ్ కొండల నిండా శాన్ ప్రజలు గీసిన బొమ్మలున్నాయి, ఆ కొండల్ని 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఎక్కువగా కనపడే జంతువు ఎలాండే, మిగతావాటికన్నా శ్రద్ధగా, రెండు మూడు రంగులు కలిపి, గంగడోలు మడతలతో సహా గీశారు. శాన్ కథల్లో సృష్టి చేసిన కాగెన్‌కి ఎలాండ్ అంటే ప్రాణం, తను చేసిన జంతువుల్లో ఇది మొదటిది. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు ఎలాండ్ నాట్యం చేస్తారు, కుర్రాడు మొదటి ఎలాండ్‌ని కొడితే దానికో తంతు ఉంటుంది, పెళ్ళిలో దాని కొవ్వుకి విలువ ఉంటుంది. మన రజస్వల పేరంటాలు గుర్తొస్తాయి.

కాంబర్గ్ దగ్గర గేమ్ పాస్ అనే గుహలో ఒక బొమ్మ ఉంది. చచ్చిపోతున్న ఎలాండ్, తల వాలిపోయి, వెనక కాళ్ళు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. దాని తోక పట్టుకుని ఒక మనిషి, అతని కాళ్ళు కూడా అచ్చం అలాగే మెలిపడి ఉన్నాయి, కాళ్ళకి పాదాల బదులు గిట్టలు. ఇది వేట బొమ్మ కాదు, పూనకంలోకి వెళ్ళే మంత్రగాడు ఎలాండ్ చావుతో పాటు తనూ "చచ్చి" దాని శక్తి తీసుకుంటున్నాడు అని డేవిడ్ లూయిస్ విలియమ్స్ అనే పరిశోధకుడు వివరించాడు. పూనకం అంటే ఏంటో తెలిసిన మనవాళ్ళకి ఈ మాట అర్థం కావడానికి పెద్ద టైమ్ పట్టదు.

అంతరించిపోతున్నాయా?

కామన్ ఎలాండ్‌కి ఇప్పటికి ఆ భయం లేదు, చాలా భాగం పార్కుల్లోనూ ప్రైవేటు భూముల్లోనూ ఉన్నాయి. జైంట్ ఎలాండ్ పరిస్థితి వేరు, అందులోనూ పడమటి రకం సెనెగల్‌లోని నియోకొలో కోబా పార్కులో మాత్రమే మిగిలింది, రెండు వందలు కూడా ఉండవు. అందుకే 2000లో కొన్నిటిని పట్టి బండియా అనే రిజర్వులో పిల్లల్ని పెట్టిస్తున్నారు.

వెనక్కి వెళ్తే ఇంకో పెద్ద దెబ్బ ఉంది. 1880ల చివర్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం ఎర్ర సముద్రం ఒడ్డున మసావా దగ్గర దిగి పదేళ్ళలో కేప్ దాకా పాకింది. ఆవులతో పాటు ఎలాండ్, కుడు, అడవిదున్నలు కుప్పలుగా చచ్చాయి, ముందే చెప్పా కదా ఇవన్నీ దగ్గర చుట్టాలని, రోగానికి కూడా ఆ చుట్టరికం తెలుసు. ఇటలీ సైన్యం కోసం మన దేశం నుంచి ఓడలో వచ్చిన పశువులతోనే ఆ రోగం వచ్చిందని చెబుతారు. 2011లో ఆ రోగం భూమ్మీద పూర్తిగా పోయిందని ప్రకటించారు.

మన దగ్గర ఇలాంటిదేదైనా ఉందా?

మనుబోతు, అదే నీల్‌గాయ్. మన దేశంలో ఉన్న యాంటిలోప్‌లలో పెద్దది అదే, ఎలాండ్‌తో ఒకే ఉపకుటుంబం. తెలంగాణ అడవుల్లో కనిపిస్తుంది. మనుబోతులో మగదానికే చిన్న కొమ్ములు, ఎలాండ్‌లో ఇద్దరికీ పెద్దవి. మగది వయసుతో పాటు బూడిద నీలంలోకి తిరగడం మాత్రం రెండిటికీ ఒకటే, నాకైతే అది చూసినప్పుడల్లా మేనమామ పోలిక గుర్తొస్తుంది.

నైరోబీ వస్తే ఎప్పుడు, ఎలా చూడాలి?

నేషనల్ పార్కు ఊరి పక్కనే, 1946లో పెట్టారు, కెన్యాలో మొట్టమొదటిది, 117 చదరపు కిలోమీటర్లు, వెనక మేడలు కనపడుతుంటే ముందు ఎలాండ్ నిలబడి ఉంటుంది. గేటు తెరిచేసరికి అక్కడుండాలి, ఎండెక్కితే నీడలోకి పోతాయి. కనపడగానే దగ్గరికి పోనివ్వకండి, దూరంగానే బండి ఆపి ఇంజిన్ ఆపేయమని డ్రైవర్‌కి చెప్పండి, మాట్లాడకండి, ఫోన్ సైలెంట్. స్వెట్టర్ తెచ్చుకోండి, ఆఫ్రికా అంటే ఎండేగా అని చొక్కాతో వచ్చి బాబాయి గంటన్నర వణికాడు.